ఉన్నచోటే వియత్నాం వంట: తరచుగా అడిగే ప్రశ్నలు

వియత్నాంలో కొన్నాళ్లు ఉండి వచ్చినవాళ్లు, విదేశంలో వియత్నామీ పొరుగువాళ్ల వంటకు అలవాటుపడినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఆ ఆకు ఇక్కడ దొరకదు, ఆ చేప ఇక్కడికి రాదు, మరి ఎలా వండాలి? నేనుండేది బెర్లిన్‌లో. ఇక్కడి వియత్నామీ ఇళ్లలో చూసి నేర్చుకున్నది, తెలుగు వంటింటి సరుకులతో కుదిరినది కలిపి జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

అసలు పదార్థాలు లేకుండా వండితే అది వియత్నాం వంట అవుతుందా?

అవుతుంది. దేశం విడిచిన వియత్నామీలు వండుకున్నదీ అలాగే. 1975 తరువాత అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా చేరిన శరణార్థులకు గానీ, 1980లలో తూర్పు జర్మనీ, చెకొస్లొవాకియా కర్మాగారాల్లో పనికి వచ్చినవాళ్లకు గానీ తమ ఊరి ఆకులు అంత సులువుగా దొరకలేదు. చా యో అనే వేయించిన చుట్టలకు బియ్యపు పొర బదులు గోధుమ పొర వాడారు. డేవిడ్ ట్రాన్ 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన హుయ్ ఫాంగ్ సంస్థ ఎర్రగా పండిన హాలపీన్యో మిరపకాయలతో స్రిరాచా అనే కారపు సాస్ చేసింది. హ్యూస్టన్ వియత్నామీలు లూసియానా తరహా క్రేఫిష్‌ను వెన్న, వెల్లుల్లితో దట్టించి కొత్త వంటకమే సృష్టించారు.

అయితే మూడింటి విషయంలో రాజీ పడవద్దని గట్టిగా చెబుతాను. ఫిష్ సాస్ మంచిదై ఉండాలి. పచ్చి ఆకులు పళ్లెం నిండా ఉండాలి. దించే ముందు రుచి చూసి ఉప్పు, పులుపు, తీపి, కారం సరిచేయాలి. మిగతావన్నీ ఉన్న ఊరిని బట్టి మార్చుకోవచ్చు.

మొదట ఏమేం కొనాలి?

చాలా తక్కువ. ఫిష్ సాస్ సీసా, రైస్ పేపర్ కట్ట, ఎండు బియ్యపు నూడుల్స్ రెండు రకాలు (ఫో అనే నూడుల్స్ సూప్‌కు బల్లపరుపుగా ఉండేవి, బున్ అని పిలిచే సన్నగా గుండ్రంగా ఉండేవి), నిమ్మగడ్డి. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, ధనియాలు, పసుపు, చింతపండు, బియ్యప్పిండి, పెసరపప్పు, సగ్గుబియ్యం, కొబ్బరిపాలు తెలుగు ఇంట్లో ఉండేవే. ఫో రసంలో తీపికి వాళ్లు వేసే రాతిచక్కెర మన పటికబెల్లమే.

ఏ ఫిష్ సాస్ మంచిది? సీసా మీద ఏం చూడాలి?

నూక్ మామ్ అంటే నెత్తళ్లను ఉప్పులో ఏడాది వరకూ ఊరబెట్టగా దిగిన ద్రవం. సీసా వెనక పదార్థాల జాబితాలో నెత్తళ్లు, ఉప్పు మొదట ఉండాలి. ఆ తరువాత కొద్దిగా చక్కెర ఉన్నా ఫరవాలేదు. నీళ్లు, రంగు, రుచి పెంచే పొడులు వరుసగా కనిపిస్తే ఆ సీసా అక్కడే పెట్టేయండి.

కొన్ని సీసాల మీద 30 ఎన్, 40 ఎన్ అని అంకె ఉంటుంది. లీటరులో ఎన్ని గ్రాముల నత్రజని ఉందో అది చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ చేప సారం చిక్కన. నలభై దాటినది నంజుకోవడానికి, ముప్పై లోపుది పొయ్యి మీద వాడటానికి ఉంచుకుంటే డబ్బు ఆదా. ఫూ కువాక్ దీవి, ఫాన్ తియెత్ పట్టణం ఈ తయారీకి ప్రసిద్ధి. ఫూ కువాక్ నూక్ మామ్‌కు 2012లో యూరోపియన్ యూనియన్ మూలస్థాన రక్షణ గుర్తింపు ఇచ్చింది. కాబట్టి యూరప్‌లో ఉన్నవాళ్లు ఆ ముద్ర చూసి కొనవచ్చు.

ఫిష్ సాస్ వాసనకు ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకుంటున్నారు. ఏం చేయాలి?

ఖాళీ మూకుడు మీద నేరుగా పోస్తే ఆ వాసన ఇల్లంతా పడుతుంది. ఉడుకుతున్న రసంలో వేసి మూత పెట్టండి. నంజుకునే సాస్‌లో నిమ్మరసం, చక్కెర, నీళ్లు కలిశాక వాసన చాలావరకు అణిగిపోతుంది. ఎండు రొయ్యల పొడి తినే ఇంట్లో దీనికి అలవాటు పడటం కష్టం కాదు.

ఈ సరుకులు ఎక్కడ దొరుకుతాయి?

బెర్లిన్‌లో లిష్టెన్‌బెర్గ్‌లోని డాంగ్ సువాన్ సెంటర్, ప్రాగ్‌లో సాపా బజారు, పారిస్‌లో 13వ వార్డు, అమెరికాలో కాలిఫోర్నియా వెస్ట్‌మినిస్టర్, వర్జీనియాలోని ఈడెన్ సెంటర్, సిడ్నీలో కాబ్రమట్టా వియత్నామీ దుకాణాలకు పెట్టింది పేరు. దూరంగా ఉంటే ఒకసారి వెళ్లి ఎండు సరుకులు ఎక్కువగా తెచ్చుకోండి. ఆకుల కట్టలు కొనేటప్పుడు కాడలు ముదురుగా ఉన్నవి ఎంచుకోండి, ఇంట్లో నాటుకోవచ్చు.

## ఆకులు, కూరగాయలు, చేపలు

థాయ్ తులసి బదులు మన తులసి వేయవచ్చా?

వద్దు. పూజకు వాడే తులసిలో లవంగం ఘాటు ఎక్కువ, ఫో రసాన్ని మింగేస్తుంది. వియత్నామీలు హుంగ్ క్వే అనే థాయ్ తులసిలో సోంపు వాసన ఉంటుంది. సబ్జా గింజలిచ్చే మొక్క ఇదే జాతిది. షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు కొన్ని కుండీలో చల్లితే కిటికీ దగ్గర ఎండలో త్వరగానే ఆకు అందుతుంది. ఇటాలియన్ బేసిల్ మాత్రమే దొరికితే దానితో పాటు నాలుగు పుదీనా ఆకులు కలపండి.

రావ్ రామ్, తీయా తో, న్గో గాయ్ ఇవేవీ దొరకవు. ఏం వాడాలి?

రావ్ రామ్ కొంచెం కారంగా ఉండే ఆకు. కొత్తిమీర రెండు పాళ్లు, పుదీనా ఒక పాలు కలిపితే దాని పని జరుగుతుంది. న్గో గాయ్‌కు కొత్తిమీర కాడలు, ముఖ్యంగా వేరు దగ్గరివి సన్నగా తరిగి వేయండి. తీయా తోకు సరైన బదులు లేదు. జపనీస్ దుకాణంలో షిసో అనే పేరుతో దాని దగ్గరి చుట్టం దొరుకుతుంది, లేకపోతే వదిలేయండి. పళ్లెంలో మిగతా ఆకులు పుష్కలంగా ఉంటే లోటు తెలియదు.

ఒక్కసారి కట్ట దొరికితే మాత్రం అన్నీ తినేయకండి. రావ్ రామ్ కాడను గ్లాసు నీళ్లలో పెడితే కొద్ది రోజుల్లో వేళ్లు తొడుగుతుంది. నిమ్మగడ్డి అడుగుభాగం కూడా అంతే. బెర్లిన్ చలికాలంలో ఇవి బయట బతకవు, వంటింటి కిటికీలో బతుకుతాయి. నాకు తెలిసిన వియత్నామీ ఇళ్లలో ఒక్క కుండీ అయినా లేని కిటికీ చూడలేదు.

తూటికూర వేపుడు తినాలని ఉంది, ఆ కూర ఇక్కడ లేదు.

వెల్లుల్లితో వేయించే రావ్ మూంగ్ మన తూటికూరే. అమెరికాలో ఈ మొక్క హానికర కలుపుల ప్రభుత్వ జాబితాలో ఉంది. అందుకే చాలా రాష్ట్రాల్లో కనిపించదు. బోలు కాడ కరకరలాడటమే ఈ వేపుడు అందం కనుక, బదులుగా కాడ ఉన్న కూరే తీసుకోండి. వాటర్‌క్రెస్, కాడలతో సహా పాలకూర, లేత తోటకూర పనికొస్తాయి. మూకుడు బాగా కాలాక నూనె, చితక్కొట్టిన వెల్లుల్లి, కూర, ఒక చెంచా ఫిష్ సాస్. రెండు నిమిషాల్లో దించేయాలి.

వియత్నాం ఇళ్లలో రోజూ కాచే పలుచని ఆకుకూర సూప్‌కు బచ్చలి, తోటకూర, మునగాకు అక్కడా వాడతారు. భారతీయ దుకాణం దగ్గరలో ఉంటే ఈ వంటకు ప్రత్యామ్నాయం వెతకనక్కరలేదు.

ఏ చేప తీసుకోవాలి?

తెలుగు రాష్ట్రాల్లో ఉంటే మీరు అదృష్టవంతులు. దక్షిణ వియత్నాంలో పులుపు సూప్‌కు, మట్టిపాత్రలో చేసే కో కూరకు ఎంతో ఇష్టంగా వాడే కా లోక్ మన కొర్రమీనే. మెకాంగ్ డెల్టాలో పెంచే పంగాసియస్‌ను ఆంధ్రప్రదేశ్ చెరువుల్లోనూ పెంచుతారు. విదేశాల్లో ఇదే చేప ముక్కలు గడ్డకట్టించి అమ్ముతారు. అది నచ్చకపోతే క్యాట్‌ఫిష్, కాడ్, తిలాపియా తీసుకోవచ్చు. పులుసుకు ముల్లున్న ముక్క, వేపుడుకు ముల్లు తీసిన ముక్క బాగుంటాయి.

## పొయ్యి మీద

మేం గొడ్డుమాంసం తినం. ఫో చేసుకోవచ్చా?

తప్పకుండా. కోడితో చేసే ఫో గా హనోయిలో తరతరాలుగా ఉన్నదే, సర్దుబాటు వంట కాదు. మూడు లీటర్ల నీళ్లకు చర్మంతో ఉన్న నాటుకోడి ఒకటి. అల్లం ముక్క, రెండు ఉల్లిపాయలు మంట మీద పైపొర నల్లబడేదాకా కాల్చి, మాడిన పొర తుడిచి వేయండి. రెండు అనాసపువ్వులు, చిన్న దాల్చినచెక్క, మూడు లవంగాలు, చెంచాడు ధనియాలు పొడి మూకుట్లో వేడి చేసి గుడ్డలో మూటకట్టండి. సన్నసెగ మీద కాగనివ్వాలి. మరిగిపోతే రసం తెల్లగా కలకబారుతుంది. కోడి మెత్తబడగానే తీసి మాంసం విప్పి, ఎముకలు మళ్లీ కుండలో వేసి ఇంకో గంట ఉంచండి. చివర్లో ఫిష్ సాస్, పటికబెల్లం.

శాకాహారులం. మాకు దారి ఉందా?

వియత్నాంలో శాకాహార వంటకు బలమైన సంప్రదాయం ఉంది. బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు. వంటకం పేరు చివర చాయ్ అని ఉంటే అది శాకాహారం. రసానికి ముల్లంగి, క్యారెట్, మొక్కజొన్న కంకి, ఎండు పుట్టగొడుగులు, కాల్చిన ఉల్లి, అల్లం చాలు. ముల్లంగి తీపి, పుట్టగొడుగు సారం కలిసి ఎముక లేని లోటు తీరుస్తాయి. ఫిష్ సాస్ బదులు సోయా సాస్‌లో కొంచెం అనాసపండు రసం, ఉప్పు కలిపి మరిగించండి. టోఫూ బదులు పనీర్ వేయాలా అని చాలామంది అడుగుతారు. నేను వేయను. పాల రుచి ఈ రసంతో పొసగదు.

నా ఫో మసాలా చారులా వస్తోంది. ఎందుకు?

మన చెయ్యి మసాలా దగ్గర ఆగదు. ఫోలో మసాలా వాసన తెలియాలి గానీ నాలుకకు తగలకూడదు. పొడి వేయవద్దు, పోపు పెట్టవద్దు, పసుపు, కారం అసలే వద్దు. గుడ్డలో కట్టిన మసాలా మూటను గంటలోపే బయటికి తీసేయండి. పెద్ద ఏలక్కాయ వేస్తే ఒక్కటే వేయండి. మన దుకాణాల్లో దొరికేదానికి పొగ వాసన ఎక్కువ. వడకట్టిన రసం తేటగా ఉండి అడుగు కనిపిస్తే సరిగా వచ్చినట్టు.

కాన్ చువా అనే పులుపు సూప్ అంటే చేపల పులుసేనా?

చింతపండు, టమాటా, చేప, బెండకాయ చూసి అలా అనిపిస్తుంది కానీ పద్ధతి పూర్తిగా వేరు. పులుసు గంటసేపు మరిగి చిక్కబడితే రుచి. ఇది పలుచగా ఉండి, పదిహేను నిమిషాల్లో పొయ్యి దిగాలి. చింతపండు రసం లేతగా తీసి, అనాసపండు ముక్కలు, టమాటా వేసి ఒక పొంగు రాగానే చేప. చేప ఉడికాక బెండకాయ, పెసర మొలకలు వేసి వెంటనే కట్టేయాలి. బెండకాయ కొరికితే కరకరలాడాలి. పైన వేయించిన వెల్లుల్లి, ఫిష్ సాస్, పచ్చిమిర్చి.

అసలు వంటలో బెజ్జాలున్న ఒక రకం చామకాడ వేస్తారు. మన చామకాడ నోరు దురదపెట్టవచ్చు, కాబట్టి బదులుగా సెలెరీ కాడలు వాడండి. పైన చల్లే న్గో ఓమ్ ఆకులో జీలకర్ర వాసన ఉంటుంది. కొత్తిమీరతో చిటికెడు జీలకర్రపొడి కలిపితే దగ్గరికొస్తుంది. పుల్లటి ఆకులతో కోడి సూప్ చేసే అలవాటూ దక్షిణాన ఉంది. అక్కడి లా జాంగ్ ఆకు బదులు గోంగూర వేసి చూడండి, అద్భుతంగా కుదురుతుంది.

బాన్ సెయో అనే బియ్యప్పిండి అట్టును దోసెపిండితో వేయవచ్చా?

వద్దు. పులిసిన మినప్పిండి రుచి దీనికి రాకూడదు, నానబెట్టే పనీ లేదు. 200 గ్రాముల బియ్యప్పిండి, అర చెంచా పసుపు, ఉప్పు, 200 మిల్లీలీటర్ల కొబ్బరిపాలు, 300 మిల్లీలీటర్ల నీళ్లు, తరిగిన ఉల్లికాడలు కలిపి అరగంట ఉంచండి. పెనం బాగా కాలాక రొయ్యలు వేసి, పిండి పోసి తిప్పండి. పిండి పడగానే చుయ్‌మనాలి. మొలకలు వేసి రెండు నిమిషాలు మూత పెట్టి, తీసి అంచులు కరకరలాడేదాకా ఉంచి మడవండి. రవ్వ దోసె వేసే చేతికి ఇది మొదటి రోజే వస్తుంది.

తినేది చాకుతో కాదు. ముక్క తుంచి, లెట్యూస్ ఆకులో ఇతర ఆకులతో చుట్టి, నూక్ చామ్ అనే నంజుకునే సాస్‌లో ముంచి తినాలి.

చలిదేశంలో ఉంటున్నాను. ఏ వంట అసలు రుచితో వస్తుంది?

హనోయి చేప వంట చా కా. ఇది చెప్పేటప్పుడు నాకు ఉత్సాహం ఆగదు. ఈ వంటకు ప్రాణం సోయికూర (డిల్). ఆగ్నేయాసియా వంటల్లో ఎక్కువగా కనిపించని ఈ ఆకు జర్మనీ, పోలండ్, చెకియాల్లో ఏ దుకాణంలోనైనా కట్టలు కట్టలుగా ఉంటుంది. అక్కడి వియత్నామీలకు ఈ ఒక్క వంట విషయంలో వెతుకులాట లేదు.

అర కిలో తెల్ల చేప ముక్కలకు చెంచాడు పసుపు, తురిమిన దుంపరాష్ట్రం లేదా అల్లం, రెండు పెద్ద చెంచాల గట్టి పెరుగు, ఒక పెద్ద చెంచా ఫిష్ సాస్, కాస్త చక్కెర పట్టించి గంట ఉంచండి. హనోయిలో పులియబెట్టిన అన్నం వాడతారు. పెరుగు ఆ పులుపును బాగా ఇస్తుంది. ముక్కలు రెండువైపులా ఎర్రగా కాల్చి, పొగలొచ్చే నూనెలో గుప్పెళ్లకొద్దీ సోయికూర, పొడవుగా చీల్చిన ఉల్లికాడలు వేసి, వాడగానే దించండి. సన్న బియ్యపు నూడుల్స్ మీద పెట్టి, వేయించిన పల్లీలు చల్లి వడ్డించండి. సోయికూరను కొత్తిమీరలా అలంకారానికి చల్లితే వంట చెడినట్టే, అది కూరలా పడాలి.

కమ్ తామ్‌కు విరిగిన బియ్యం ఎక్కడ తేవాలి?

నూకలే! సైగాన్‌లో కాల్చిన మాంసంతో, గుడ్డుతో పెట్టే ఈ అన్నం బియ్యపు నూకలతోనే వండుతారు. ఇండియాలో ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. విదేశంలో దొరకకపోతే జాస్మిన్ బియ్యం అరగంట నానబెట్టి చేత్తో నలిపితే విరుగుతాయి. మామూలు అన్నానికన్నా నీళ్లు తగ్గించండి, లేకపోతే జావవుతుంది. ఇడ్లీరవ్వ పనికిరాదు.

కో కూరకు ముదురు రంగు ఎలా వస్తుంది?

చక్కెర కాల్చితే. రెండు చెంచాల చక్కెరను చెంచాడు నీళ్లతో అడుగు మందంగా ఉన్న పాత్రలో ముదురు గోధుమరంగు వచ్చేదాకా కరిగించి, కోడి ముక్కలు, సన్నగా చీరిన అల్లం, మూడు పెద్ద చెంచాల ఫిష్ సాస్, కప్పు కొబ్బరినీళ్లు, మిరియాలు వేసి సన్నసెగ మీద దగ్గరపడనివ్వండి. డబ్బాలో వచ్చే కొబ్బరినీళ్లలో చక్కెర కలిపి ఉంటే పైచక్కెర తగ్గించండి. వియత్నామీ కొత్త సంవత్సరం టెట్ పండుగకు పందిమాంసం, గుడ్లతో చేస్తారు. గుడ్లు ఒక్కటే వేసినా బాగుంటుంది.

రైస్ పేపర్ చుట్టేలోపే చిరిగిపోతోంది.

వేడినీళ్లు వాడుతున్నారు. మామూలు నీళ్లలో రెండు మూడు క్షణాలు ముంచి, ఇంకా గట్టిగా ఉండగానే పళ్లెం మీద పరచండి. నింపేలోపు అదే మెత్తబడుతుంది.

బాన్ మీ శాండ్‌విచ్‌కి ఏ రొట్టె?

పైన పలుచగా పెళుసుగా, లోపల దూదిలా తేలికగా ఉండాలి. ఫ్రెంచి పద్ధతి గట్టి బాగెట్ దవడలు నొప్పి పుట్టిస్తుంది. బ్రోట్‌షెన్ అనే చిన్న జర్మన్ రొట్టె నయం. పావ్ రొట్టె మరీ మెత్తన. ఏదైనా 180 డిగ్రీల ఓవెన్‌లో నాలుగు నిమిషాలు పెట్టండి. లోపల పచ్చడి మాత్రం ఇంట్లోనే చేయాలి. సన్నగా తరిగిన ముల్లంగి, క్యారెట్‌కు ఉప్పు, చక్కెర రాసి, ఊరిన నీళ్లు పిండేసి, వెనిగర్, చక్కెర కలిపిన నీళ్లలో కొన్ని గంటలు ఉంచండి. ముల్లంగి లేకపోతే నూల్‌కోల్ వేయండి. ఉత్తర వియత్నాంలో అది మామూలు కూరగాయే.

టెట్‌కు బాన్ చుంగ్, అంటే ఆకులో చుట్టి ఉడికించే జిగురు బియ్యపు వంటకం చేయాలి. లా డాంగ్ ఆకులు లేవు.

అరటాకు వాడండి. దక్షిణాన బాన్ టెట్ చుట్టేది అరటాకులోనే. గడ్డకట్టించిన ఆకైతే నిప్పు మీద చూపి మెత్తబరచాలి. జిగురు బియ్యానికి మాత్రం బదులు లేదు, సోనా మసూరి అతుక్కోదు. బియ్యం రాత్రంతా, పొట్టు తీసిన పెసరపప్పు నాలుగు గంటలు నానాలి. పెద్దవి ఎనిమిది నుంచి పది గంటలు ఉడకాలి. చిన్నవి చుట్టుకుంటే ప్రెషర్ కుక్కర్‌లో రెండు గంటల్లోపే అవుతాయి.

## వడ్డన, నిల్వ

నూక్ చామ్ కొలత చెప్పండి.

ఫిష్ సాస్ ఒకటి, నిమ్మరసం ఒకటి, చక్కెర ఒకటి, గోరువెచ్చని నీళ్లు నాలుగు. చక్కెర నీళ్లలో కరిగాక మిగతావి కలిపి, సన్నగా తరిగిన వెల్లుల్లి, పచ్చిమిర్చి చివర్లో వేయండి. అప్పుడు అవి పైన తేలతాయి. మన నిమ్మకాయలు పులుపెక్కువ, ముందు కొంచెం తగ్గించి రుచి చూడండి.

వియత్నాం కాఫీపొడి అయిపోయింది. ఏం వాడాలి?

చికోరీ కలిపిన మన ఫిల్టర్ కాఫీపొడి. న్యూ ఆర్లియన్స్ కెఫె డు మోండ్ వారి చికోరీ కాఫీని అమెరికాకు వచ్చిన వియత్నామీలు సొంతం చేసుకున్నది ఆ చేదు, చిక్కదనం కోసమే. మన కాఫీ ఫిల్టర్‌లోనే డికాక్షన్ తీసి, అడుగున రెండు చెంచాల కండెన్స్‌డ్ మిల్క్ వేసి, ఐస్ మీద పోయండి.

మన దేశంలో ఈ వంటలు వేళ్లూనిన చోటు ఉందా?

పుదుచ్చేరి. ఫ్రెంచి పాలనలో అక్కడి నుంచి సైగాన్ వెళ్లి స్థిరపడి, తిరిగి వచ్చిన కుటుంబాలు చా యో చేసుకోవడం మానలేదు. అటు సైగాన్‌లో దక్షిణ భారతీయులు కట్టుకున్న మారియమ్మన్ గుడి ఇప్పటికీ ఉంది. కొబ్బరిపాలు, నిమ్మగడ్డి, చిలగడదుంపలతో చేసి రొట్టెతో తినే కోడి కూర కా రీ గాలో మన కూరపొడి ఉంటుంది.

ఫో రసం మిగిలితే ఎన్నాళ్లు ఉంటుంది?

ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో మూడు నెలలు. నూడుల్స్, మాంసం తీసి రసం ఒక్కటే నిల్వ చేయండి. ఫిష్ సాస్ కొంచెం తక్కువగా వేసి దాచి, మళ్లీ వేడి చేశాక సరిపెట్టుకుంటే వాసన తాజాగా ఉంటుంది.